కొయ్యకుండా వదిలిన వైరు

కొత్త వైరు వచ్చిందంటే ఏ సరంగు ముఖమైనా విచ్చుకోవాలి. ఆ పొద్దున మాత్రం ఓడ డెక్కు పనివాళ్ళకి పెద్దయిన మన సరంగు ముఖం చిట్లించాడు. రేవు గట్టు మీద లారీ ఆగింది. క్రేను పెద్ద చెక్క చక్రాన్ని దించింది. దాని నిండా చుట్టిన బొటనవేలి లావు ఇనుప తాడు గ్రీజు పూసుకుని ఎండలో నిగనిగలాడుతోంది. సరంగు దగ్గరికెళ్ళి, మోకాళ్ళ మీద చేతులాన్చి వంగి, వాసన చూశాడు. అటు తిరిగి ఇంకోచోట చూశాడు.

"ఏంటండీ, వైరు కొంటున్నారా, అత్తరు కొంటున్నారా?" అన్నాడు స్టోరు గుమాస్తా. చంకలో ఫైలు, చెవి మీద పెన్ను, కళ్ళలో తొందర.

"కొత్త గ్రీజు వాసన ఇలా ఉండదు."

"గ్రీజుకి వాసనేంటండీ బాబూ! కాగితం చూడండి. కొత్తదని రాసుంది, సీలుంది, సంతకముంది. ఇంకేం కావాలి, జాతకం కూడా కావాలా?"

"విప్పి చూసి సంతకం పెడతాను."

"విప్పితే పూటంతా పడుతుంది. మీ ఓడ రెండింటికి కదలాలి, నా లారీ ఇంకో ఓడకెళ్ళాలి. వద్దంటే చెప్పండి, ఇప్పుడే ఎక్కించి తీసుకుపోతా. మీ పాతదాంతోనే కాపురం చేసుకోండి."

పాతదాంతో ఇంకెంతకాలం? దాని మీద గుడ్డతో తుడిస్తే గుడ్డ చిరిగిపోతోంది. తెగిన సన్నతీగలు ముళ్ళలా పైకి లేచి, పనివాళ్ళ తోలు చేతితొడుగులు కూడా చీలుస్తున్నాయి. సరంగు ఓడ వైపు చూశాడు, లారీ వైపు చూశాడు, ఎడమచేత్తో పెన్ను తీసుకుని సంతకం గీకాడు. గుమాస్తా ఫైలు మూసిన తీరు చూస్తే, పిల్లి పాల గిన్నె మీద మూత పెట్టినట్టుంది.

ఈ ఓడ చేసే పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇది సముద్రం మీద తిరిగే దుకాణం. దేశానికి ఎక్కడో దూరాన, నెలల తరబడి కాపలా తిరుగుతున్న నాలుగు యుద్ధనౌకలున్నాయి. వాటికి ఇంజన్లలో మండే నూనె, మంచినీళ్ళు, పిండి, మందులు, తుపాకీ గుళ్ళు, ఇంటినుంచొచ్చిన ఉత్తరాలు, అన్నీ ఇదే మోసుకెళ్ళాలి. అవి రేవుకి రావు. రేవే వాటి దగ్గరికి పోవాలి. నడిసముద్రంలో రెండు ఓడలూ నలభై మీటర్ల ఎడంతో పక్కపక్కనే, ఒకే వేగంతో పరుగెడుతూ ఉంటే, మధ్యలో వైరు బిగించి, బట్టలారేసినట్టు దాని మీద నూనెగొట్టం వేలాడదీస్తారు. రెండు గంటల పని. ఆ రెండు గంటలూ ఆ వైరు మీద టన్నుల బరువు లాగుతూనే ఉంటుంది. తెగిందా, కన్ను మూసి తెరిచేలోగా వెనక్కి కొట్టుకొస్తుంది. దారిలో ఇనప కమ్మీ ఉంటే కమ్మీని, మనిషుంటే మనిషిని తీసుకుపోతుంది. సరంగు ఉద్యోగంలో ఒకసారి అది చూశాడు. ఏం చూశాడో ఇంట్లో పెళ్ళానికి కూడా చెప్పలేదు.

ఆ దారిలో సరిగ్గా నిలబడే మనిషి వించి నడిపేవాడు. వైరుని లాగే, వదిలే యంత్రం అతని చేతిలో ఉంటుంది. అవతలి ఓడ కనబడాలి కాబట్టి ఎదురుగా అడ్డేమీ ఉండదు. ఈ ఓడ మీద ఆ మనిషి సరంగు సొంత బావమరిది. ఓడంతా అతన్ని వసపిట్ట అంటుంది, ఎందుకంటే నిద్రలో తప్ప ఆ నోరు మూతపడదు. నిద్రలో కూడా పడదని పక్క మంచం వాడు అంటాడు. "వాడికి నోరెక్కువ, నెమ్మది తక్కువ, నీ కళ్ళముందే ఉంచుకో" అని పెళ్ళాం చెబితే, సరంగే అతన్ని ఓడెక్కించాడు.

మర్నాడు తెల్లవారాక, తీరం కనుమరుగయ్యాక, రేవులోనే దించేసిన పాతదాని చోట కొత్త వైరుని చెక్కచక్రం మీంచి వించి పీపాకి ఎక్కించడం మొదలుపెట్టారు. వసపిట్ట వించి దగ్గర, సరంగు వైరు పక్కన. సరంగు చేతిలో మెత్తటి నూలుగుడ్డ. కదిలే వైరుని ఆ గుడ్డతో వదులుగా పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడ తీగ తెగి ఉన్నా గుడ్డని పట్టుకుని లాగుతుంది. ఇరవై ఏళ్ళుగా అతను కళ్ళకంటే ఆ గుడ్డనే ఎక్కువ నమ్మాడు.

గుడ్డ ఎక్కడా చిక్కలేదు.

"చూశావా బావా, పట్టులా పోతోంది! నువ్వేమో నిన్నంతా ఆ గుమాస్తాని తిట్టి తిట్టి నోరరగదీసుకున్నావు. కాస్త మిగుల్చుకో, ఇంటికెళ్ళాక అక్కతో పనుంటుంది."

"నోర్మూసుకుని నెమ్మదిగా తిప్పు."

"నోరు మూస్తే చెయ్యాడదు బావా, రెండూ ఒకే తీగ మీదున్నాయి."

నూట యాభై మీటర్లు పోయింది. రెండొందలు పోయింది. ఒకచోట గుడ్డ కింద చిన్న నున్నటి మచ్చ తగిలింది. సరంగు చెయ్యెత్తి ఆపించాడు. గ్రీజు తుడిచి చూస్తే అక్కడ ఎవరో ఆకురాయితో రుద్దినట్టుంది. ముళ్ళు లేచిన చోట ముళ్ళు అరగదీసేస్తే గుడ్డకేం తెలుస్తుంది? "ఎదవ గుమాస్తా, నీ ఇల్లు బంగారం గానూ" అని పళ్ళు నూరాడు సరంగు. పాతదానికి రంగేసి కొత్తదని అమ్మాడు! ఎవడో పారేసినదాన్ని తెచ్చి మా నెత్తిన కట్టాడు! ఈసారి రేవుకెళ్తే వాణ్ణి ఆ లారీకే కట్టెయ్యాలి. ఇలా తిట్టుకుంటూనే చివరిదాకా విప్పించాడు. చక్రం లోపలి కొస ఊడి డెక్కు మీద పడింది.

వైరు కొస విడిపోకుండా రాగితీగతో కట్టు కడతారు. ఆ కట్టు చూసి సరంగు అక్కడే చతికిలబడ్డాడు. ఏడు చుట్లు. తీగ కొస లోపలికి మడిచి, పైనుంచి సుత్తితో రెండు దెబ్బలు. చుట్లు అందరూ కట్టే వైపుకి కాదు, ఎదురు వైపుకి తిరిగి ఉన్నాయి. అది ఎడమచేతి వాటం మనిషి కట్టిన కట్టు. సరంగు తన ఎడమచెయ్యి చూసుకున్నాడు. ఎవడో పారేసిన వైరా? ఆ ఎవడో తనే.

పద్నాలుగు నెలల కిందట, ఇంకో ఓడలో, ఈ వైరుని ఇన్నిసార్లే వాడాలన్న లెక్క నిండిపోయిందని తనే పక్కన పెట్టాడు. అలా పక్కన పెట్టినదాన్ని ఆ రోజే బారెడు బారెడు ముక్కలుగా కొయ్యాలి. అది కాగితంలో ఉన్న నియమం కంటే పాత అలవాటు, సరంగులు సరంగులకి నేర్పిన అలవాటు. ఇనుముకి వయసు కనబడదు, ముక్కలు చెయ్యకపోతే అవసరమున్న చెయ్యేదో మళ్ళీ వాడేస్తుంది. అదంతా తెలిసీ తను కొయ్యలేదు. రెండొందల యాభై మీటర్ల ఉక్కు, పీపాలు కట్టుకోవడానికైనా పనికొస్తుంది కదా, తగలేయడమెందుకని మనసొప్పలేదు. ఎర్రరంగు ఒక పట్టీ పూసి స్టోరుకి పంపించాడు. ఆ రోజు తన పొదుపుకి తనే మురిసిపోయాడు కూడా. రంగు కడిగెయ్యడం ఎంతసేపు?

"ఏంటి బావా, దెయ్యాన్ని చూసినట్టు కూర్చున్నావు?"

"ఏం లేదు. మోకాలు పట్టేసింది."

ఆ రోజంతా సరంగు తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. గుమాస్తాని తిట్టడం మాత్రం మానేశాడు. వసపిట్ట అది గమనించి, "ఏంటి, తిట్లు అయిపోయాయా?" అని రెండుసార్లు అడిగాడు.

మూడో రోజు కెప్టెన్ గదికి వెళ్ళాడు. కెప్టెన్ మంచివాడే. నిద్రలేక కళ్ళు ఎర్రబడి, చల్లారిన టీ కప్పు పటం మీద పెట్టుకుని కూర్చున్నాడు. సరంగు సగం నిజం చెప్పాడు.

"వైరు మీద నాకు నమ్మకం లేదు సార్. వాసన కొత్తదానిలా లేదు. ఒకటి రెండు చోట్ల రుద్దినట్టుంది."

"నువ్వే కదా సంతకం పెట్టి తీసుకున్నది?"

"అవును సార్."

"కాగితం కొత్తదంటోంది. నీ ముక్కు పాతదంటోంది. రేపు పైవాళ్ళు అడిగితే, మా సరంగు ముక్కు ఒప్పుకోలేదు, అందుకే నూనె పట్టలేదని చెప్పనా?" కెప్టెన్ నవ్వబోయి మానేశాడు. "రేపు పదింటికి యుద్ధనౌక పక్కకొస్తుంది. దాని ట్యాంకుల్లో అడుగే మిగిలింది. మూడొందల మంది. రేపు పట్టకపోతే ఎల్లుండికి అది చెక్కదుంగలా తేలుతుంది."

"వెనకనుంచి పట్టిద్దాం సార్. గొట్టం నీళ్ళ మీద వదిలితే వాళ్ళు వెనకాల వస్తూ అందుకుంటారు. వైరుతో పనిలేదు."

"రెండు గంటల పని తొమ్మిది గంటలవుతుంది. దాడి చేసేవాళ్ళు తిరిగే ఈ నీళ్ళలో తొమ్మిది గంటలు తిన్నగా, నత్తల్లా పోవడమంటే, ఇక్కడున్నాం రండి అని కేకేసి పిలవడమే." కెప్టెన్ కిటికీ వైపు గడ్డం చూపించాడు. "నిన్నట్నుంచీ మన వెనక ఒక పడవొస్తోంది. జెండా లేదు, వల లేదు. మనం ఆగితే ఆగుతోంది. అదెవరో నీకేమైనా తెలుసా? నాకూ తెలీదు."

సరంగు బయటికొచ్చి వెనక్కి చూశాడు. ఆకాశం, నీళ్ళు కలిసే చోట ఒక నల్లటి చుక్క. అది చేపల పడవైనా కావచ్చు.

మధ్యాహ్నం, రేపటి పనికి ఎవరెక్కడ నిలబడాలో చూపించే కసరత్తు. సరంగు వరసగా పేర్లు చదువుతూ, వసపిట్టని వెనక స్టోరు గదికి పంపించాడు. అతని చోటికి పొడుగాయన్ని పిలిచాడు. పొడుగాయన ఆ ఓడలో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి.

వసపిట్ట ఎర్రబడ్డాడు. "నేనేం తప్పు చేశాను? ఐదేళ్ళుగా నువ్వెక్కిన ప్రతి ఓడలోనూ వించి నా చేతిలోనే ఉంది. ఇంతమందిలో నా పరువు తీస్తావా బావా?"

"చెప్పిన చోటికి వెళ్ళు."

"కారణం చెప్పు, వెళ్తా."

సరంగు తర్వాతి పేరు చదివాడు. ఈలోగా పొడుగాయన "అలాగే సరంగు గారూ" అని, మెడలో తువ్వాలు తీసి మడిచి జేబులో పెట్టుకుని, వెళ్ళి వించి వెనక నిలబడ్డాడు. ఎందుకని అడగలేదు. ఎంత దూరంలో నిలబడాలని మాత్రం అడిగాడు. కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టి, సరంగు చూపించిన గీత మీద సరిగ్గా నిలబడి, ఇక్కడేనా అన్నట్టు ముఖం చూశాడు. సరంగు పేర్ల కాగితం మడిచేశాడు. వెళ్ళి కమ్మీ పట్టుకుని నీళ్ళవైపు తిరిగి నిలబడిపోయాడు. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకున్నాడు. నా ఇంటి మనిషిని తప్పించి ఇంకొకరి ఇంటి మనిషిని నిలబెట్టాను.

అక్కణ్ణుంచి తిన్నగా కెప్టెన్ గదికి వెళ్ళాడు. ఈసారి తలుపు వేసి, నిలబడే మొత్తం చెప్పాడు. కట్టు సంగతి, ఎడమచెయ్యి సంగతి, ఎర్రరంగు సంగతి. చెప్పాక చేతులు కట్టుకున్నాడు. ఉద్యోగం పోతుంది, పోనీ. ఆ వైరు మాత్రం రేపు ఓడల మధ్య బిగించరు.

కెప్టెన్ టీ కప్పు పటం మీంచి తీసి పక్కన పెట్టాడు. తర్వాత కాగితం, పెన్సిలు దగ్గరికి లాక్కున్నాడు.

"పక్కన పెట్టేటప్పటికి ఎన్నిసార్లు వాడారు?"

"లెక్క నిండేదాకా సార్."

"నిండేదాకా. దాటి కాదు?"

"దాటలేదు సార్."

"తీగలెక్కడ తెగాయి?"

"మూడు చోట్ల ముళ్ళు లేచాయి. వాటినే ఇప్పుడు రుద్దారు."

"మూడు చోట్ల." కెప్టెన్ రాసుకున్నాడు. "చూడు. పొద్దున నువ్వొచ్చినప్పుడు అది ఎక్కడిదో, ఏమిటో తెలియని వైరు. నిజం చెప్తున్నా, నువ్వెళ్ళాక నాకూ భయమేసింది. ఇప్పుడు దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ నువ్వే చెప్పావు. ఆ లెక్కలు కట్టేవాళ్ళు సగానికి సగం భద్రతకని వదిలేస్తారు. అంటే ఇంకా ప్రాణముంది. రేపొక్కసారి వాడదాం. తర్వాత నువ్వే కొయ్యి."

ఆపడానికి చెప్పిన నిజమే దారి తెరిచింది!

"సార్, ఆ లెక్క కాగితం మీద సార్. పద్నాలుగు నెలలు ఏ వానలో నానిందో…"

"నీ తప్పు సంగతి నేనెక్కడా రాయను," అన్నాడు కెప్టెన్ మెత్తగా. "ఎవరికీ చెప్పను. నువ్వూ చెప్పకు. వెళ్ళి పడుకో."

ఆ మెత్తదనమే సరంగుని ఎక్కువ భయపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగో రోజు ఏడింటికి సరంగు డెక్కు మీదికొచ్చాడు. గ్రీజు పట్టించాలని చెప్పి సగం వైరు డెక్కు మీదికి లాగించాడు. అందులో అనుమానపడేదేముంది, పనికి ముందు అందరూ చేసేదే. పొడుగాయనే వించి నడిపాడు. అయ్యాక అతన్ని టీకి పంపించి, సరంగు పనిముట్ల పెట్టెలోంచి కట్టరు తీశాడు. అది రెండు దవడలతో ఉంటుంది. చేతిపంపు కొడుతుంటే దవడలు నెమ్మదిగా మూసుకుంటాయి. చివర్న కోస్తే మిగతాది వాడేస్తారు, సగమైతే పీపా చుట్లకీ, స్తంభం ఎక్కి దిగడానికీ పోను అవతలి ఓడదాకా చాలదు. అందుకే వైరుకి సరిగ్గా నడుమ దవడలు తగిలించాడు.

పంపు కొట్టాడు. ఒకటి, రెండు, పది. దవడలు వైరులోకి దిగాయి. సన్నతీగలు ఒక్కొక్కటే టిక్కు టిక్కుమని తెగుతుంటే ఆ చప్పుడు అతని పళ్ళలోకి వచ్చింది. ఇరవయ్యో దెబ్బకి వైరు రెండయింది. దూరాన యుద్ధనౌక బూడిదరంగు ముక్కు అప్పుడే కనబడుతోంది.

సరంగు వంగి తెగిన ముఖం చూశాడు. తుప్పు ఉంటుందనుకున్నాడు. తీగల నడుమ నింపే నార ఎండి పొడైపోయి ఉంటుందనుకున్నాడు. అక్కడ ఉక్కు తళతళా మెరుస్తోంది. నార నూనెతో తడిగా ఉంది.

పైనుంచి కేకలు వినబడ్డాయి. కెప్టెన్ మెట్లు రెండేసి దిగుతూ వచ్చాడు. తెగిన వైరుని చూశాడు, కట్టరుని చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పద్నాలుగు నెలల కిందట చెయ్యాల్సిన పని ఇప్పుడు చేశావా? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటావా?"

"ఇంకా కాలలేదు సార్," అన్నాడు సరంగు. "అందుకే."

కెప్టెన్ వంగి ముక్క చేతిలోకి తీసుకున్నాడు. తెగిన ముఖాన్ని వెలుతురుకి తిప్పాడు. చాలాసేపు చూశాడు.

"ఎక్కడుందయ్యా కుళ్ళు?"

ఇనుము అలసట పైకి కనబడదని సరంగుకి తెలుసు, మనిషి అలసట లాంటిదే అదీ. ఆ మాట ఆ మెరుస్తున్న ముక్క ముందు ఎలా చెప్పడం?

"సరే. వెనకనుంచి గొట్టం వదలండి," అని కెప్టెన్ మిగతావాళ్ళకి చెప్పాడు. తర్వాత సరంగు వైపు తిరిగాడు. "నువ్విక్కడే కూర్చుని కోస్తూ ఉండు. ఒక్కచోట, ఒక్క తీగ కుళ్ళినది కనబడినా పైకి తీసుకురా. నేనే నీ తరఫున రాస్తాను. కనబడకపోతే వచ్చే రేవులో దిగిపో. ఈ తొమ్మిది గంటల్లో మనకేమైనా అయితే అది ఎవరి నెత్తినో నేను చెప్పక్కర్లేదు."

పదింటికి యుద్ధనౌక వెనకాల చేరింది. నల్లటి గొట్టం నీళ్ళ మీద పాములా తేలుతూ వెళ్ళి దాని ముక్కుకి తగులుకుంది. రెండు ఓడలూ ఒకే గీత మీద, నడిచే మనిషి వేగంతో, మలుపన్నది లేకుండా పోవడం మొదలుపెట్టాయి. ఎవరూ గట్టిగా మాట్లాడట్లేదు. పైన ముగ్గురు దుర్భిణులతో మూడు వైపులా చూస్తున్నారు. వెనకటి చుక్క ఇప్పుడు చుక్క కాదు, పడవలాగే కనబడుతోంది.

సరంగు కోశాడు. బారెడు కొలిచి, దవడలు తగిలించి, పంపు కొట్టి, వంగి చూశాడు. మెరిసింది. ఇంకో బారెడు. మెరిసింది. పుట్టి బుద్ధెరిగాక వైరు బాగుండాలనే కోరుకున్న మనిషి, ఈ రోజు ఒక్క కుళ్ళిన తీగ కోసం దేవుణ్ణి వేడుకుంటున్నాడు. ఆకురాయితో రుద్దిన చోట వచ్చినప్పుడు మరీ దగ్గరగా వంగాడు. అక్కడ పైన మూడు తీగలు పోయాయి, అంతే. లోపలంతా శుభ్రం. పదకొండు ముక్కలు, పదిహేను, పద్దెనిమిది. అరచెయ్యి బొబ్బలెక్కి, ఒకటి చితికింది. తెగేది కాదేమో. ఏమో, బిగించాక ఏమయ్యేదో. అది ఇక ఎవరికీ, ఎప్పటికీ తెలియదు.

మూడో గంటలో వసపిట్ట వెనక పని ఇంకొకరికి అప్పగించి వచ్చాడు. ఈపాటికి సంగతి ఓడంతా పాకింది. ముక్కల కుప్ప ముందు నిలబడి ఒక్కొక్కటే కాలితో దొర్లించి చూశాడు.

"ఇరవై రెండు. ఒక్కటీ కుళ్ళలేదు." ఆఖరిదాన్ని కాలితో తన్నాడు. "నిక్షేపంలాంటి వైరు బావా! రెండు గంటల్లో పట్టేసి ఈపాటికి మన దారిన మనం పోయేవాళ్ళం. ఉద్యోగం పోగొట్టుకున్నావు. మమ్మల్నందర్నీ తెచ్చి ఎరలా వేలాడదీశావు. అక్కకేం చెప్తావు? పిల్లల చదువుకేం చెప్తావు? నీ పిరికితనానికి నా ప్రాణమొకటి వంక! నిన్న చెప్పి ఏడవచ్చు కదా, నేను నిలబడనన్నానా? ఐదేళ్ళు నిలబడ్డాను, ఇంకో రెండు గంటలు నిలబడలేనా? నీకు మతిపోయింది. ముసలాడివైపోయావు…"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పుకున్నారు. పొడుగాయన ఒక్కడే దూరంగా నిలబడి, మడిచిన తువ్వాలు తీసి మెడలో వేసుకుని, సరంగు వైపే చూస్తున్నాడు.

వసపిట్ట తిడుతున్నాడు, ఊపిరి తీసుకుంటున్నాడు, మళ్ళీ తిడుతున్నాడు. సరంగు తల ఎత్తకుండా ప్రతి మాటా వింటూ పంపు కొట్టాడు. ఆ నోరు అలా మోగుతున్నంతసేపూ తనకి ఏ లోటూ లేదనిపించింది. ఇరవై మూడో ముక్క తెగి డెక్కు మీద పడింది. అదీ తళతళలాడుతోంది.